కాగితం బోర్లించి అడిగిన మనిషి

పోయిన వారం అజ్మాన్‌లో, సర్కారు కాగితాలు టైప్ చేసిపెట్టే ఒక టైపింగ్ సెంటర్‌లో కూర్చున్నాను. కౌంటర్ వెనక ఉన్న హైదరాబాద్ అమ్మాయి నా నెరిసిన తల చూసింది, నా చీర చూసింది, ఒక్క మాట అడగకుండా స్టాంపు ప్యాడ్ మూత తీసి నా ముందుకు జరిపింది. నీలి సిరా వాసన ముక్కుకు తగిలింది. కొంచెం కిరసనాయిలు, కొంచెం తడి గుడ్డ, కొంచెం చేదు కలిపినట్టు ఉంటుంది ఆ వాసన. గల్ఫ్ వచ్చిన మొదటి ఏడెనిమిదేళ్ళు నా ఎడమ చేతి బొటనవేలిని ఆ వాసన వదలలేదు.

"వేలు గాదు బిడ్డా, పెన్ను ఇయ్యి" అన్నాను. "అంతకు ముందు ఆ కాగితం చదువు. తెలుగు నకలు నా దగ్గరున్నది. నువ్వు చదువుతుంటే నేను దీంట్ల చూసుకుంట వస్త."

ఆ అమ్మాయి నన్ను చూసింది, నా వెనక వరుసలో నిలబడ్డ మనుషులను చూసింది. నేను కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నాను. తొందరపడలేదు. కాగితం ముందు తొందరపడకూడదని నాకు నేర్పిన మనిషి ఒకరున్నారు. ఆమె పేరు వరలక్ష్మి. అజ్మాన్‌లో నా ముందున్న ఆ కాగితం ఏమిటో చివర చెబుతాను. ముందు ఆమె సంగతి చెప్పాలి. ఆమె లేకపోతే ఆ కాగితంలో నా పేరు ఉండేదే కాదు.

మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. భర్త పోయాక కొన్నేళ్ళు బీడీలు చుట్టాను, ఆ తర్వాత ఇంటిపని వీసా మీద షార్జా వచ్చాను. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. ఏజెంటు ఆఫీసులో వేలు, మెడికల్‌లో వేలు, సిమ్ కార్డుకు వేలు, బ్యాంకులో వేలు. ఎక్కడ చూపిస్తే అక్కడ అద్దాను. దేనికి అద్దుతున్నానని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే నాకు చదువు రాదని మళ్ళీ ఒకసారి అందరిముందూ తెలుస్తుందని సిగ్గు. తెలియక కాదు, ఆ సిగ్గుతోనే నోరు మూసుకున్నాను. ఇది రాసుకోవడానికి ఇప్పుడు నాకేమీ సిగ్గు లేదు.

నేను వంట చేసిన ఇల్లు మోహన్ సార్‌ది. ఆయనకు దుబాయ్ అవతల జెబెల్ అలీలో ఒక కంపెనీలో పెద్ద ఉద్యోగం. భార్య శిరీష మేడం షార్జాలోనే ఒక ఆఫీసులో పనిచేసేది. విజయవాడ వాళ్ళు. వాళ్ళకు ఒక్కతే కూతురు, మిన్ను. కరోనా వచ్చినప్పుడు దానికి మూడేళ్ళు. భార్యాభర్తలిద్దరూ ఇంట్లోనే ఆఫీసు పెట్టుకున్నారు. ఒకరు హాల్లో, ఒకరు పడకగదిలో. అంతకు ముందు సాయంత్రం రెండు గంటలు కలిసి ఉండేవాళ్ళు, మర్యాదగానే ఉండేవాళ్ళు. రోజంతా ఒకే కప్పు కింద ఉండేసరికి ఒకరి గొంతు ఒకరికి పడకుండా పోయింది. లాక్‌డౌన్ పోయినా ఆ అరుపులు పోలేదు. మిన్ను నా దగ్గర వంటింట్లో కూర్చుని చపాతీ పిండితో బొమ్మలు చేసేది. చివరికి మేడం విడాకులకు వేసి, పక్క ఊరు అజ్మాన్‌లో స్నేహితురాలి ఇంట్లో ఒక గది తీసుకుంది. అక్కడ చిన్న పిల్లను పెట్టుకునే వీలు లేదు. ఇల్లు దొరికేదాకా అని మిన్ను సార్ దగ్గరే, అంటే నా దగ్గరే ఉండిపోయింది.

ఒక ఉదయం సార్ ఆఫీసుకు వెళ్ళకుండా ఉన్నారు. భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాగి "కూర్చో అవ్వా" అన్నారు. ఆ ఇంట్లో ఏడేళ్ళుగా ఉన్నాను, ఆ బల్ల తుడిచాను గానీ దాని దగ్గర ఎప్పుడూ కూర్చోలేదు. ఆయనకని తెచ్చిన టీ కూడా నా వైపే జరిపారు. "వీసా రెన్యూవల్ కాగితాలు, ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి వేలు వెయ్యి" అన్నారు. వేశాను. కొంగుకు వేలు తుడుచుకుని పప్పుకు తాలింపు పెట్టడానికి వెళ్ళిపోయాను. ఆ రోజంతా నాకు గర్వంగా ఉంది, సార్ నన్ను కూర్చోబెట్టారని.

పది రోజులకు శిరీష మేడం మా బిల్డింగ్ కింద గ్రోసరీ దగ్గర నా కోసం నిలబడి ఉంది. నేను కొత్తిమీర కోసం దిగాను. ఆమె ఫోన్ నా ముఖం ముందు పెట్టింది, నాకు చదవడం రాదని మరిచిపోయి.

"ఇది నువ్వే చెప్పావా, రాజవ్వా?"

"ఏంది మేడం అది?"

ఆమె చదివి వినిపించింది. ఈ పిల్ల తల్లి రోజూ పిల్ల తిని పడుకున్నాకే ఇంటికి వచ్చేది. పిల్లకు జ్వరం వచ్చిన రోజు కూడా ఆఫీసుకు వెళ్ళింది. పిల్ల వంటమనిషినే తల్లి అనుకుంటోంది. ఇవన్నీ కళ్ళారా చూశాను. ఇట్లు, రాజవ్వ. కింద నీలి రంగులో నా వేలు.

ముస్లింలు కాని వాళ్ళకు అప్పటికి ఇక్కడ కొత్త చట్టం వచ్చింది. విడిపోయినా పిల్ల మీద తల్లికీ తండ్రికీ సమానంగా హక్కు ఉంటుంది. అందులోంచి ఒకరిని తప్పించాలంటే రెండోవారు కోర్టుకు కారణం చూపించాలి. మోహన్ సార్ చూపించిన కారణం నా వేలు. ఇది నాకు ఆ రోజు ఇంత వివరంగా అర్థం కాలేదు. మేడం మెట్ల మీద కూలబడి "నా పిల్ల నాకు రాదు" అన్నప్పుడు అర్థమైంది. అందులో ఒక మాట మాత్రం ఆయన కల్పించింది కాదు. మిన్ను నన్నే తల్లి అనుకుంటుందని సార్‌తో నేనే అన్నాను, ఒకసారి కాదు, చాలాసార్లు.

ఆ శుక్రవారమే మేడం నన్ను షార్జా రోలా బజారు వెనక సందులో ఉన్న ఒక టైపింగ్ సెంటర్‌కు తీసుకెళ్ళింది. ఇరుకు గది, రెండు కంప్యూటర్లు, ఎప్పుడూ వేడిగా ఉండే ప్రింటర్. యజమాని కేరళ ఆయన. అందరూ ముదీర్ అనేవాళ్ళు. కంప్యూటర్ ముందు యాభై దాటిన ఒక ఆమె, నూలు చీర, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. ఆమే వరలక్ష్మి గారు. అమలాపురం వైపు మనిషి. అరబ్బీ కాగితాలు ఇరవై ఏళ్ళు టైప్ చేసీ చేసీ చదవడం కూడా నేర్చుకున్నారు. ఊరి బయట సజ్జా లేబర్ క్యాంపుల నుంచి వచ్చే కూలీలు, ఆఫీసుల్లో పనిచేసే అమ్మలు, వకీలు దగ్గరకు వెళ్ళే ముందో వెళ్ళిన తర్వాతో ఒకసారి ఆమె దగ్గర కూర్చునేవాళ్ళు.

మేడం నిలబడే మొదలుపెట్టింది. "రాయండి. ఆయన తాగుతాడు. నన్ను కొట్టాడు. పిల్ల ముందే. ఈవిడ చూసింది."

వరలక్ష్మి గారు కీబోర్డ్ మీద చేతులు పెట్టలేదు. "ఈవిడ చూసిందని మీరు చెబుతున్నారండీ. ఈవిడ చెప్పాలి కదా." నా వైపు తిరిగారు. "మీ పేరేంటండీ?"

"రాజవ్వ."

"రాజవ్వ గారూ, మోహన్ గారు కొట్టడం మీరు చూశారా?"

షార్జాలో నా పేరు పక్కన గారు చేర్చిన మొదటి మనిషి ఆమె. అయినా నా బుద్ధి మారలేదు. "చూసిన అని రాయుండ్రి అమ్మా" అన్నాను.

"ఏం రాయమంటారని అడగలేదండీ. చూశారా?"

ఆమె కళ్ళు నా మీదినుంచి కదలడం లేదు. మేడం నన్నే చూస్తోంది. "లేదు" అన్నాను. "ఒగరి మీద ఒగరు ఒర్రుకునుడు ఇన్న. కొట్టుడు చూడలే."

"తాగడం?"

"ఎప్పుడన్న పండుగకు. బాల్కనీల. పిల్ల పండుకున్నంక."

మేడం గొంతు మారింది. "నీ వేలు వల్ల నా పిల్ల పోతోంది. ఇప్పుడు కూడా ఆయన పక్కేనా నువ్వు?"

"శిరీష గారూ, మీరు బయట బెంచీ మీద కూర్చోండి" అన్నారు వరలక్ష్మి గారు. "ఏసీ గాలి అక్కడికీ వస్తుంది లెండి." మేడం కదలకపోతే మళ్ళీ అన్నారు. "ఒక అబద్ధం కాగితం మీద ఇంకో అబద్ధం కాగితం పెడితే జడ్జి గారు రెండూ పక్కన పడేస్తారు. అప్పుడు మీకు ఈవిడ కూడా మిగలదు. బయట కూర్చోండమ్మా."

ఆ తర్వాత ఒక గంట ఆమె నన్ను అడిగారు. మేడం ఏ నెలల్లో ఆలస్యంగా వచ్చేది, ఎందుకు వచ్చేది. జ్వరం వచ్చిన రోజు పొద్దున ఏం జరిగింది. మేడం మందు కొలిచి సీసా మీద గీత గీసి వెళ్ళింది, గంటకోసారి ఫోన్ చేసింది, మధ్యాహ్నానికి సెలవు పెట్టి వచ్చేసింది. మరి సార్ ఎన్నింటికి వచ్చేవారు? జెబెల్ అలీ నుంచి రోడ్డు జామ్ దాటుకుని ఆయన వచ్చేసరికి కూడా పిల్ల పడుకునే ఉండేది. ఈ సంగతి నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. తండ్రి ఆలస్యంగా రావడం నా కంటికి కూడా తప్పుగా కనబడలేదు. అది కూడా ఆ గదిలోనే తెలిసింది.

కాగితం ప్రింటర్‌లోంచి వచ్చింది. ఆమె దాన్ని తెలుగులో మెల్లగా చదివారు. చదవడం అయ్యాక బల్ల మీద బోర్లించారు, దాని మీద తన చెయ్యి పెట్టారు. "ఇప్పుడు మీరు చెప్పండి, ఇందులో ఏముందో."

ఇది ఆమె పద్ధతి. ఎవరైనా సరే, విన్నది తమ మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పేదాకా కాగితం తిప్పరు, పెన్ను ఇవ్వరు, ప్యాడ్ మూత తియ్యరు. నేను చెప్పాను. నాకు జ్ఞాపకశక్తి బాగానే ఉంటుంది. చదువు రానివాళ్ళకు అదొక్కటే ఆధారం.

"ఒకటి వదిలేశారండీ" అన్నారు.

"ఏది?"

"మీకు తెలుసు."

తెలుసు. తల వంచుకుని చెప్పాను. "పిల్ల నన్నే తల్లి అనుకుంటదని సార్‌తోని నేనే అన్న."

"ఎందుకన్నారు?"

"మంచిగనిపించింది."

ఆమె నవ్వలేదు, తిట్టలేదు. "జడ్జి గారు అడిగితే అదీ చెప్పాలి. మిగతావన్నీ తేలికే" అన్నారు.

తొందరగా కానివ్వమని వెనక నుంచి ముదీర్ విసుక్కున్నాడు. "వరలక్ష్మీ, ఏ టైపింగ్ సెంటర్ హై యా స్కూల్? యల్లా, యల్లా."

"స్కూల్ హోతా తో ఫీస్ జ్యాదా హోతా, ముదీర్ సాబ్" అన్నారు ఆమె, తల తిప్పకుండా. బడి అయితే ఫీజు ఇంకా ఎక్కువ ఉండేదని. వరుసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. "ఇది ఇచ్చినంక నాకేమైతది అమ్మా? జైల్ల ఏస్తరా?"

ఏమీ కాదని ఆమె అనలేదు. ఆ మాట అని ఉంటే నేను ఆమెను అంతగా నమ్మేదాన్ని కాదేమో. "అబద్ధమని తెలిసి చెప్పడం వేరు, చదివి వినిపించకుండా వేలు వేయించుకోవడం వేరు. ఆ తేడా కోర్టులో మీరే చెప్పాలి. మీ కఫీల్, అంటే మీ వీసా పూచీదారు, మోహన్ గారే కదా, వీసా తీసేయొచ్చు. పని పోవచ్చు. ఇవన్నీ తెలిసి వేలు వేస్తేనే వెయ్యండి. తెలియకుండా వేసింది ఒకటి చాలు."

వేశాను. నా జన్మలో దేనికి వేస్తున్నానో తెలిసి వేసిన మొదటి వేలిముద్ర అది.

కోర్టులో జడ్జి అరబ్బీలో అడిగితే పక్కన ఒకాయన హిందీలో చెప్పాడు. నాది వంటింటి హిందీ. అయినా నోరు తడబడలేదు. మేడం ఆలస్యంగా వచ్చేది నిజం అన్నాను. సార్ ఆలస్యంగా వచ్చేదీ నిజం అన్నాను. మేలుకుని ఉన్న రోజు ఇద్దరిలో ఎవరు వచ్చినా పిల్ల తలుపు దగ్గరికి ఉరికేది, అదీ నిజం. ఆ మొదటి కాగితం నాకు చదివి వినిపించలేదు. పిల్ల నన్ను తల్లి అనుకుంటుందని అన్నది నేనే, గొప్ప కోసం అన్నాను. పిల్లకు తన తల్లెవరో తెలుసు.

చదివించుకోకుండా వేలు ఎందుకు వేశావని జడ్జి అడిగించాడు.

"నేను అడగలేదు సాబ్" అన్నాను. "నాకు చదువు రాకపోవుడు నా తప్పు గాదు. అడగకపోవుడు మాత్రం నా తప్పే."

హిందీ ఆయన దాన్ని అరబ్బీలో చెప్పడానికి కొంచెం ఆలోచించుకున్నాడు. మోహన్ సార్ బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. బయటకు వచ్చాక మేడం నాతో మాట్లాడలేదు. ఆలస్యం సంగతి ఒప్పుకున్నానని కోపం. సార్ మాట్లాడలేదు. ఇద్దరికీ కానిదాన్నయ్యాను. వరలక్ష్మి గారు మెట్ల కింద నిలబడి ఉన్నారు, ఆ రోజు సెలవు పెట్టుకుని వచ్చారు. "చెప్పారా అన్నీ?" అని ఒక్క మాట అడిగారు. "అన్ని చెప్పిన" అన్నాను. "పదండి, టీ తాగుదాం" అన్నారు.

జడ్జి ఎవరి హక్కూ తీసెయ్యలేదు. పిల్లను ఎట్లా చూసుకుంటారో ఇద్దరూ కలిసి ఒప్పందం రాసుకుని రమ్మని గడువు ఇచ్చాడు. మూడో రోజు సార్ నా పాస్‌పోర్ట్ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టారు. "ఖలాస్, అవ్వా. నువ్వు వెళ్ళిపోవచ్చు" అన్నారు. మిన్ను బడిలో ఉంది. దానికి చెప్పకుండానే పెట్టె సర్దుకున్నాను. అంతకంటే కష్టమైన పని నేను చెయ్యలేదు, ఇంటికి దూరంగా ఇన్నేళ్ళు బతికినా.

వరలక్ష్మి గారు ముదీర్‌తో మాట్లాడి నాకు ఆ సెంటర్లోనే ఊడవడం, టీ పెట్టడం పని ఇప్పించారు, వీసా మార్పించారు. చేరిన మొదటి రోజే, పాడైపోయిన ప్రింటు కాగితం వెనక వైపు తిప్పి పెద్ద అక్షరాలతో ఒక మాట రాసి నా ముందు పెట్టారు. నాకప్పుడు యాభై ఆరు. "ఏందమ్మా ఇది, నా పేరా?" అన్నాను.

"కాదండీ. లేదు అని రాశాను. ముందు లేదు రాయడం నేర్చుకోండి. అవును అనడం మీ వేలికి ఎప్పుడో వచ్చింది."

ఆ తర్వాత తల్లి, తండ్రి, తేదీ, పిల్ల, ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోను. వరస అక్షరమాల మధ్యలో ఎప్పుడో వచ్చింది. నా చేతివేళ్ళు బీడీ చుట్టడానికి అలవాటైనవి, పెన్ను పట్టుకుంటే చేప జారినట్టు జారేది. సజ్జా నుంచి వచ్చిన మా వైపు తాపీమేస్త్రీలు చూసి "ఏం పెద్దమ్మా, కలెక్టర్ ఉద్యోగానికి పెడ్తున్నవా?" అని ఆటపట్టించేవాళ్ళు. "నీ కాంట్రాక్టు చదువుత రా" అని నేనూ అనేదాన్ని. ఏడాది తిరిగేసరికి నిజంగానే ఒకరిద్దరికి ఉత్తరాలు చదివి పెట్టాను.

నేను చేరిన నెల రోజులకు, మేడంకు వేరే ఇల్లు కూడా దొరికాక, మోహన్ సార్, శిరీష మేడం ఇద్దరూ ఒప్పందం టైప్ చేయించడానికి వచ్చారు. వకీళ్ళు మాటలు తేల్చారు, అరబ్బీ, ఇంగ్లీషు రెండింటిలో కాగితం కావాలి. సార్‌కు ఆ సెంటర్‌కు రావడం ఇష్టం లేదు, ముఖంలోనే తెలిసింది. నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నారు. మూడు పేజీలు వచ్చాయి. వరలక్ష్మి గారు మొత్తం చదివి బోర్లించారు. "ఇప్పుడు మీరు చెప్పండి."

సార్‌కు కోపం వచ్చింది. "నేను మేనేజర్‌నండీ. రోజుకు యాభై కాంట్రాక్టులు చదువుతాను."

"అయితే మీకు తేలికే కదండీ."

సార్ మొదలుపెట్టారు. శిరీష పిల్లను ఇండియా తీసుకెళ్ళాలంటే ముందు నా అనుమతి తీసుకోవాలి, శిరీష బడి విషయాలు నాకు చెప్పాలి, శిరీష శుక్రవారం సాయంత్రం పిల్లను పంపాలి. మేడం అందుకుంది. ఆయన ఆదివారం సాయంత్రానికి తిరిగి పంపాలి, ఆయన ఫీజు కట్టాలి, ఆయన పిల్ల పాస్‌పోర్ట్ దాచిపెట్టకూడదు.

వరలక్ష్మి గారు కాగితం మీద చెయ్యి తియ్యలేదు. "ఎదుటివాళ్ళు చెయ్యాల్సింది ఇద్దరూ బాగా చెప్పారండీ. మీరు చెయ్యాల్సింది చెప్పండి."

నేను టీ కప్పుల పళ్ళెంతో అక్కడే నిలబడిపోయాను. అంత చదువుకున్న ఇద్దరు మనుషులు, అప్పుడే విన్న కాగితంలో తమ వంతు ఏమిటో చెప్పలేకపోయారు. ఆమె మళ్ళీ చదివారు. మళ్ళీ బోర్లించారు. ఈసారి సార్ నెమ్మదిగా ఒక్కొక్కటే చెప్పుకొచ్చి ఒకచోట ఆగిపోయారు.

"ఇంకొకటుందండీ" అన్నారు ఆమె.

సార్ మేడం వైపు చూశారు. వచ్చినప్పటినుంచి అదే మొదటిసారి. "పిల్ల ముందు... వాళ్ళ అమ్మ గురించి చెడ్డగా మాట్లాడను."

మేడం కూడా తన వంతంతా చెప్పుకొచ్చి అదే మాట దగ్గరికి వచ్చింది. వాళ్ళ నాన్న గురించి చెడ్డగా మాట్లాడనని అంది. వరలక్ష్మి గారు కాగితం తిప్పి ఇద్దరికీ చెరో పెన్ను ఇచ్చారు.

వెళ్ళేముందు సార్ నా దగ్గరికి వచ్చారు. "నేను కొట్టానని చెప్పమంటే నువ్వు చెప్పలేదట. శిరీషే చెప్పింది, అవ్వా."

"చెప్పుతందుకే తయారైన సార్" అన్నాను. "ఈమె ఆపింది. లేకుంటే చెప్పేదాన్ని."

ఆయన తన కాగితాలు మడిచి చేతిలోకి తీసుకున్నారు. "మిన్ను నిన్ను అడుగుతోంది" అని వెళ్ళిపోయారు. ఆ మరుసటి వారం నుంచి ఆదివారం ఆదివారం నేను మిన్నును చూడగలిగాను.

ఇంత పట్టింపు ఎందుకని ఒకసారి వరలక్ష్మి గారిని అడిగాను. భోజనం డబ్బా మూత పెడుతూ చెప్పారు. చాలా ఏళ్ళ కిందట ఉమ్ అల్ క్వైన్‌లో ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఆమె భర్తతో వచ్చిందట. వరుస గుమ్మం బయటిదాకా ఉంది. భర్త ఏం చెబితే అది టైప్ చేసి, ఆమె ముందుకు ప్యాడ్ జరిపారట. నెల తర్వాత ఆమె ఒక్కతే వచ్చి, నా కూతురి పాస్‌పోర్ట్ ఎప్పుడిస్తారని అడిగిందట. పాస్‌పోర్ట్ కాగితమనుకుని ఆమె వేలు వేసింది, కూతురిని తండ్రితో పంపేసి ఇక అడగనని రాసిన కాగితం మీద.

"ఆవిడ వేలి పక్కన నా వేలు కూడా ఉందండీ" అన్నారు. "కనబడదంతే." డబ్బా కడగడానికి లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

పనులన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాక సెంటర్‌కు జనం తగ్గారు, ముదీర్ మూసేశాడు. వరలక్ష్మి గారికి చూపు కూడా తగ్గింది. అమలాపురం వెళ్ళిపోయారు. నేను శిరీష మేడం వీసా మీద మళ్ళీ వంటలో చేరాను. వరలక్ష్మి గారు వెళ్ళిన కొన్నాళ్ళకు నా చేత్తో ఒక ఉత్తరం రాసి, ఫొటో తీసి ఫోన్లో పంపాను. వాళ్ళ చెల్లెలు చదివి వినిపించిందట. గొంతు రికార్డు చేసి జవాబు పంపారు. "బాగా రాశారండీ. కానీ నాలుగో వరుసలో షార్జా మొత్తానికి నా అంత మంచి మనిషి లేదన్నారు. అది మీరు చూసింది కాదు కదా. కొట్టెయ్యండి."

కొట్టేశాను. మొన్న వర్షాకాలంలో ఆమె పోయారు. ఆ కబురు కూడా చెల్లెలి గొంతులోనే వచ్చింది. ఆ రోజు మిన్ను బడి సంచి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మోసుకెళ్తూ బస్టాపులో కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్ళు దాటాయి. "అవ్వా, ఎవరు పోయారు?" అని అడిగింది. "నా టీచర్" అన్నాను. "నీకు కూడా టీచరుందా?" అని ఆశ్చర్యపోయింది.

ఇప్పుడు అజ్మాన్‌లో నా ముందున్న కాగితం సంగతి. ఈ దేశంలో తల్లిదండ్రులు విల్లు రాసుకునేటప్పుడు, తమకు ఏదైనా జరిగితే సొంతవాళ్ళు విమానం దిగేదాకా పిల్లను ఎవరి చేతిలో పెట్టాలో పేరు రాస్తారు. లేకపోతే ఆ నాలుగు రోజులు పిల్ల ఎక్కడుండాలో ఎవరు చెప్పాలి. మోహన్ సార్, శిరీష మేడం ఇప్పటికీ చాలా విషయాల్లో ఒక మాట మీదికి రారు. "ఇద్దరం గొడవ పడకుండా ఒప్పుకున్న పేరు నీదొక్కటే అవ్వా" అంది మేడం. కింద ఇద్దరి సంతకాలూ అప్పటికే ఉన్నాయి. నేను ఒప్పుకుంటున్నానని నా సంతకం కావాలి.

ఆ హైదరాబాద్ అమ్మాయి విసుగ్గానే మొదలుపెట్టినా మొత్తం చదివింది. నా నకలులో వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళాను. ఒకచోట నా నకలులో నాయనమ్మ పేరు ఉంది, అమ్మమ్మ పేరు లేదు. ఆపి అడిగాను. ఇంగ్లీషులో ఇద్దరూ ఉన్నారు. తెలుగులో రాసిచ్చేటప్పుడు మేడం తొందరలో ఒకరిని వదిలేసింది. పెన్నుతో చేర్చుకున్నాను. చదవడం అయ్యాక కాగితం బోర్లించి, దాని మీద నా చెయ్యి పెట్టాను.

"ఏం చేస్తున్నారు ఆంటీ?" అంది ఆ అమ్మాయి.

"చెప్తున్న, ఇను" అన్నాను. "అమ్మమ్మ, నాయనమ్మ, ఎవలు ముందొస్తే వాళ్ళు వచ్చెదాక పిల్లను నా దగ్గర పెట్టుకోవాలె. బడికి తోలాలె. పాస్‌పోర్ట్ ఎవలకు పడితే వాళ్ళకు ఇయ్యద్దు. పిల్ల తల్లి గురించి గాని తండ్రి గురించి గాని చెడ్డగ అనద్దు. వాళ్ళు రాంగనే పిల్లను వాళ్ళ చేతుల పెట్టి నేను పక్కకు జరగాలె. పిల్ల నాదనుకోవద్దు."

చివరి మాట ఆ కాగితంలో లేదు. నా వంతు నాకు తెలుసు కాబట్టి చేర్చాను.

ఆ అమ్మాయి స్టాంపు ప్యాడ్ మూత పెట్టి పక్కకు జరిపింది. నేను కాగితం తిప్పి, నా పేరు రాశాను. వెనక వరుసలో సజ్జా కంపెనీ చొక్కా వేసుకున్న ఒక తెలుగాయన నిలబడి ఉన్నాడు, చేతిలో అరబ్బీ కాగితం, బొటనవేలు అప్పటికే సిద్ధంగా పెట్టుకున్నాడు. నేను లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. కుర్చీ పక్కకు జరుపుకుని కూర్చున్నాను.

"గా కాగితంల ఏమున్నదో తెలుసా బిడ్డా?" అని అడిగాను.

తెలియదన్నాడు.

"అయితే గీ పిల్లను చదవమను" అన్నాను. "నాకేం తొందర లేదు."